తలకాయల కొట్టాయనకీ, మిగతా అందరికీ కృతజ్ఞతలు

ఫిజియోథెరపీ, నర్సింగ్ పిల్లలకి మేక మెదళ్ళు పెట్టి మేం చెప్పిన రెండు రోజుల మెదడు తరగతి సాయంత్రమే ముగిసింది. బకెట్లు కడగడం ఇంకా అవలేదు, మెదళ్ళు కుళ్ళకుండా వేసే ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండుతూనే ఉన్నాయి. రేపు రాద్దాం అనుకుంటే ఇక రాయం. అందుకే ఇప్పుడే.

ముందు విజయనగరంలో మేకమాంసం కొట్టు నడిపే ఒకాయనకి. పేరు వెయ్యొద్దన్నారు. నెల కిందటి దాకా ఆయనెవరో మాకు తెలీదు, మేమెవరో ఆయనకి తెలీదు.

కొట్లో తలకాయ అంటే ముందు మంట మీద కాలుస్తారు, తర్వాత మొద్దు మీద పెట్టి కత్తితో నిలువునా రెండు చెక్కలు చేస్తారు. కూరకి అదే కావాలి, మాకు అదే చేటు. సెగకి మెదడు పైపొర ఉడుకుతుంది. కత్తి దెబ్బకి మెదడు నడుమ ఉండే థలామస్, దాని కింద వెన్నుపాముతో కలిపే మెదడు కాండం నుజ్జవుతాయి. మొదట వేరేచోట తెచ్చిన ఆరింటిలో ఐదు అలాగే పోయాయి. కాండం లేని మెదడు పట్టుకుని, ఆజ్ఞ మెదడు నుంచి కండరాలకి వెళ్ళే కదలిక దారి చెప్పడమంటే వంతెన లేకుండా నాగావళి దాటించడమే.

ఈయన మా గోడంతా విని, "అయితే మీకు తల కొట్టడం కాదు మేష్టారూ, తల ఇప్పడం కావాల" అన్నారు.

ఎలా విప్పారో రాస్తున్నాం, ఇంకెవరికైనా పనికొస్తుంది. కాల్చని తల. మొండెం నుంచి వేరుచేసేటప్పుడే తలకీ మొదటి మెడపూసకీ మధ్య వెన్నుపామును పదునైన కత్తితో ఒక్క కోతగా కొయ్యాలి. తలని మెలితిప్పి లాగితే మెడుల్లా, అంటే కాండం అడుగు భాగం, సాగి తెగిపోతుంది. కొమ్ములు తీసి, చర్మం ఒలిచి, కళ్ళ గూళ్ళ వెనక అడ్డంగా, అక్కడి నుంచి రెండు పక్కలా, వెన్నుపాము బయటికి దిగే వెనక రంధ్రం దాకా హాక్సా బ్లేడుతో గాడి పెట్టాలి. మేక నుదుటి దగ్గర ఎముక రెండు పొరలు, మధ్యలో గాలి గది. పై పొర తెగగానే పని అయిపోయిందనుకుంటాం, అవదు. అలాగని లోపొర పూర్తిగా కోస్తే బ్లేడు మెదడులో దిగుతుంది. కాస్త మిగిల్చి ఉలితో పైకి లేపాలి. తర్వాత మెదడుని కప్పి ఉండే డ్యూరా పొరని కత్తెరతో తియ్యాలి. పెద్ద మెదడుకీ చిన్న మెదడుకీ మధ్య దిగే దాని మడత మరిచిపోతే చిన్న మెదడు ఊడి చేతికొస్తుంది. చివరికి తల బోర్లించి, ముందు వాసన గడ్డల్నీ ఆపైన కంటి నరాల్నీ కోసుకుంటూ వస్తే మెదడు తన బరువుకి తనే జారుతుంది. పిట్యూటరీ గ్రంథి మాత్రం దాని గుంటలోనే ఉండిపోతుంది, అది మామూలే.

ఆదివారం బేరం ముగిశాక, మధ్యాహ్నం రెండు దాటాక, తిండి మానుకుని కూర్చున్నారాయన. రెండు ఆదివారాలు, 14 తలలు. 11 చెక్కుచెదరకుండా వచ్చాయి. తలల ఖరీదే తీసుకున్నారు, కూలి అడగలేదు. భేజా విడిగా కొనే వాడుక మనుషుల్ని ఆ రెండు వారాలూ వెనక్కి పంపేశారని తర్వాత తెలిసింది. ఇంకోటి కొట్లో కుర్రాడు చెప్పాడు. మా మొదటి తల కొయ్యడానికి ముందు రాత్రి ఆయన సొంత డబ్బుతో మూడు తలలు తీసుకుని, బ్లేడు ఎంత లోతు దింపాలో చెయ్యి కుదిరేదాకా కోసి చూసుకున్నారట. మాతో ఒక్క ముక్క అనలేదు. అది విన్నాక మాలో ఎవరికీ నోరు పెగల్లేదు.

ఆ మెదళ్ళని ఏం చేశామంటే: బజార్లో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు, ఒక్కో మెదడుకి లీటరున్నర. అడుగున పడుకోబెడితే చపటా అయిపోతుంది, కింద ఉన్న బేసిలార్ రక్తనాళం కిందుగా దారం పోనిచ్చి వేలాడదీశాం. రెండు వారాల తర్వాత నాలుగింటిని కుళాయి నీళ్ళలో బాగా కడిగి, వారం రోజులు గడ్డ కట్టించాం. ఇది స్విట్జర్లాండ్‌లో జోసెఫ్ క్లింగ్లర్ 1930ల్లో చూపించిన పద్ధతి. నరాల పోగుల మధ్య మంచు స్ఫటికాలు దూరి వాటిని విడదీస్తాయి. కరిగాక చెక్క పుల్లతో తీస్తే తెల్లపదార్థం జనపనారలా పోగులు పోగులుగా వస్తుంది. జనపనార మిల్లున్న నెల్లిమర్ల వైపు పిల్లలకి ఈ పోలిక వేరే చెప్పక్కర్లేకపోయింది.

మేక మెదడు పట్టుమని 130 గ్రాములుండదు, మనిషిది 1300 పైమాట. అయినా దారి చేత్తో తడమడానికి సరిపోయింది. మనిషిలో కదలిక ఆజ్ఞ నడినెత్తి గాడికి ముందున్న మడతలో మొదలై, ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులోంచి కాండంలోకి దిగి, మెడుల్లా అడుగున నూటికి 85–90 పోగులు అవతలి పక్కకి దాటి వెన్నుపాములోకి వెళతాయి. ఆ సందులో చిన్న రక్తనాళం పూడినా ముఖం, చెయ్యి, కాలు మూడూ అవతలి పక్కన పడిపోయేది అందుకే.

పిల్లలు తడబడేది స్పర్శ దగ్గర. సన్నని స్పర్శ, కంపన, కీలు ఎటు వంగిందన్న ఎరుక వెన్నుపాములో అదే పక్కన ఎక్కి, మెడుల్లాలో దాటుతాయి. నొప్పీ, వేడీ చల్లదనాలూ వెన్నుపాములోకి అడుగుపెట్టిన ఒకటి రెండు మెట్లలోనే దాటేస్తాయి. కాబట్టి వెన్నుపాము సగం తెగితే దెబ్బ తగిలిన పక్క కాలు కదలదు, అవతలి కాలికి సూది గుచ్చినా తెలీదు. రోగిని పరీక్షించేటప్పుడు దూదీ, సూదీ, కంపన తెలుస్తోందో లేదో చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కూ మూడూ వాడి చూడాలని మేం పిల్లలకి చెప్పేది ఇందుకే. ఒక్క దూదితో పరీక్ష అయిందనుకుంటే సగం దారి చూడనట్టే.

నిన్న కొట్టాయన తరగతికి వచ్చి వెనక నిలబడ్డారు, కుర్చీ వేసినా కూర్చోలేదు. మధ్యలో అడిగారు: "తల ఏరయ్యాక కూడా కాళ్ళు తన్నుకుంటాయి కదండి. ఆజ్ఞ ఎవులిస్తన్నారు?"

రెండు రోజుల్లో ఇంత మంచి ప్రశ్న ఇంకెవరూ వెయ్యలేదు. జవాబు వెన్నుపాములోనే ఉంది. అడుగులు వేయించే నాడుల అల్లిక అక్కడే ఉంటుంది, పై నుంచి వచ్చేది నడిపించే మాటా, ఆపే మాటా. పైది తెగాక, ప్రాణవాయువు అయిపోయేదాకా కింది అల్లిక తనంతట తనే తన్నుతుంది. పైగా మేకలో మెదడు పైపొర నుంచి దిగే ఈ దారి మెడ దాటి పెద్దగా పోదు, కాళ్ళని ఎక్కువగా నడిపేవి కాండం నుంచి దిగే వేరే దారులు. పక్షవాతంలో మొదట వాలిపోయిన కాలు కొన్ని రోజులకో వారాలకో బిగుసుకుపోవడం కూడా పై అదుపు పోవడం వల్లే. ఫిజియోథెరపీ పిల్లలు అప్పుడు గబగబా రాసుకున్నారు.

ఇదంతా కొట్టాయన దయ మీద ఎందుకు నడవాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. ప్లాస్టిక్ మెదడు నమూనా కోసం పెట్టిన కాగితం ఎనిమిది నెలలు బల్లల మీద తిరిగింది. చివరికి వచ్చినదాంట్లో ఇంటర్నల్ క్యాప్సూల్ నంబరు థలామస్ మీద వేసి ఉంది. వెనక్కి పంపాలంటే మళ్ళీ మూడు సంతకాలు. మెదడు ఒక్కసారి కూడా పట్టుకోకుండా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు రేపు వార్డులో ఏం పరీక్ష చేస్తారో ఆ సంతకాల వాళ్ళకి పట్టదు.

ఇంట్లో వాళ్ళకి, నెలరోజులు ఈ కంపు బట్టలు ఉతికినందుకు. వాళ్ళకి తెలుసు.

అయ్యో, మూలపడ్డ ఫ్రీజర్ ఇచ్చిన ఐస్‌క్రీం బండాయన! తిండి పెట్టే ఫ్రిజ్‌లో ఇవి పెట్టకూడదు, ఆయన లేకపోతే ఆ నాలుగు మెదళ్ళూ లేవు. గరివిడి నుంచి వచ్చి మేకకీ మనిషికీ తేడాలు దిద్దిన ఇద్దరు పశువైద్య విద్యార్థులకి. కరెంటు పోయినప్పుడు కిటికీలన్నీ తీసి ఘాటు బయటికి పంపిన వాచ్‌మన్‌ గారికి. శ్రీకాకుళం నుంచి మొదటి బస్సుకి వచ్చిన నర్సింగ్ పిల్లలకి.

ఎర్ర మూత ఐస్ పెట్టె ఒకటి మా దగ్గర ఉండిపోయింది. ఎవరిదో చెప్పండి. తలలు అందులోనే తెచ్చాం, ఇక నీళ్ళ సీసాలకి మాత్రం వాడకండి.