నర్సింగ్ చదువులో లెక్కలు మొదటి సెమిస్టర్ నుంచే మొదలవ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నర్సింగ్ డిగ్రీ గురించి చదువుల పేజీల్లో వచ్చే వ్యాసాల్లో అర్హతలు ఉంటాయి, కోర్సు ఎన్నేళ్లో ఉంటుంది, ఉద్యోగాలు ఎక్కడ దొరుకుతాయో ఉంటుంది. బయాలజీ బాగా వస్తే చాలు అనే సలహా కూడా తరచూ కనిపిస్తుంది. నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లుగా ఆ సలహాకు మేం అభ్యంతరం చెప్పక తప్పడం లేదు. ఎముకల పేర్లు, నరాల పేర్లు ఎంత కొరుకుడు పడకపోయినా ఏడాది తిరిగేసరికి నోటికి వచ్చేస్తాయి. మందు మోతాదు లెక్క కట్టడం, రోగిని చూసి చార్టులో సరైన అంకె వేయడం మాత్రం సరిగా రాకుండానే చివరి ఏడాది దాకా నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు.

ఇందులో పెద్ద గణితమేమీ లేదు. గుణకారం, భాగహారం, దశాంశాలు వస్తే సరిపోతుంది. 5 మి.లీ.లో 500 మి.గ్రా. మందు ఉంది, డాక్టర్ 250 మి.గ్రా. రాశారు, ఎంత తీయాలి అంటే 2.5 మి.లీ. అని ఎవరైనా చెప్పేస్తారు. సెలైన్ దగ్గరికొచ్చేసరికి తడబాటు మొదలవుతుంది. 1000 మి.లీ. ద్రవం 8 గంటల్లో వెళ్లాలి, చేతిలో ఉన్నది మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం). 1000ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 41.67 వస్తుంది, నిమిషానికి 42 చుక్కలు అన్నమాట. భాగహారం రాక తప్పు చేసేవాళ్లు తక్కువ. 8 గంటల్ని నిమిషాల్లోకి మార్చడం మరిచిపోతారు, లేదా సెట్టు ప్యాకెట్ మీద ఉన్న డ్రాప్ ఫ్యాక్టర్ (మి.లీ.కి ఎన్ని చుక్కలో తెలిపే అంకె) చూడకుండా అలవాటు కొద్దీ 20 అనేసుకుంటారు. సెట్టు 15 చుక్కలదైతే అదే సెలైన్‌కి 31 చుక్కలే వేయాలి. మైక్రో సెట్టులో మి.లీ.కి 60 చుక్కలు కాబట్టి గంటకు ఎన్ని మి.లీ. వెళ్లాలో నిమిషానికి సరిగ్గా అన్ని చుక్కలు, లెక్కే అక్కర్లేదు. ఈ చిన్న సంగతి మొదటి వారంలోనే చెబితే పిల్లల భయం సగం తగ్గుతుంది. ఆ తర్వాత చుక్కల వేగం మార్చే రోలర్ సర్ది, వాచీ పట్టుకుని, చుక్కలు నిమిషం నిండా లెక్కపెట్టాలి. రోగి మోచేయి మడిచినా, మంచం ఎత్తు మారినా వేగం మారిపోతుంది కనుక కాసేపాగి మళ్లీ చూడాలి.

ఐసీయూ పోస్టింగుకు వెళ్లేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. 60 కిలోల రోగికి కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున డోపమైన్ (పడిపోయిన బీపీని నిలబెట్టే మందు) ఇవ్వాలి. 250 మి.లీ.లో 400 మి.గ్రా. కలిపి ఉంది. పంపు మీద గంటకు ఎంత పెట్టాలి? 5ని 60తో గుణిస్తే నిమిషానికి 300 మైక్రోగ్రాములు. దాన్ని మళ్లీ 60తో గుణిస్తే గంటకు 18,000 మైక్రోగ్రాములు, అంటే 18 మి.గ్రా. ద్రవంలో ఒక్కో మి.లీ.కి 1.6 మి.గ్రా. ఉంది. 18ని 1.6తో భాగిస్తే గంటకు 11.25 మి.లీ. ఇక్కడ మైక్రోగ్రాముల్ని మిల్లీగ్రాములుగా మార్చే మెట్టును మనసులోనే వేసుకుని దాటేస్తే తేడా కొద్దిగా రాదు, వెయ్యి రెట్లు వస్తుంది. ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయండని మేం విద్యార్థుల్ని సతాయించేది అందుకే. ఈ మాట చదివి మా విద్యార్థులు మొహం చిట్లిస్తారని తెలుసు, అయినా మళ్లీ చెబుతున్నాం.

కాలిక్యులేటర్ తీసేముందే జవాబు సుమారుగా ఎంత రావాలో ఊహించుకోవాలి. ఒక డోసుకి ఆరు ఆంప్యూళ్లు (మందుండే చిన్న గాజు గొట్టాలు) పగలగొట్టమని జవాబు చెబుతోందంటే దాదాపుగా లెక్కే తప్పి ఉంటుంది. ఆగి, ఇంకొకరి చేత విడిగా కట్టించాలి. మీ లెక్క ముందే వాళ్లకు చూపించారంటే వాళ్లు దానికే తల ఊపుతారు, అది తనిఖీ కాదు.

రాతలో జరిగే పొరపాట్లు కూడా లెక్క కిందికే వస్తాయి. అర మిల్లీగ్రామును సున్నా పెట్టకుండా .5 అని రాస్తే చుక్క కనబడక 5గా చదువుతారు. 5 మి.గ్రా.ను 5.0 అని రాస్తే 50 అవుతుంది. ముందు సున్నా తప్పనిసరి, వెనక సున్నా నిషిద్ధం. ఇన్సులిన్ దగ్గర ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. పొట్టి అక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి మోతాదు పది రెట్లవుతుంది. ఇన్సులిన్ వయల్ మీద మి.లీ.కి 40 యూనిట్లా, 100 యూనిట్లా అన్నది చూసి దానికి సరిపడే సిరంజినే తీయాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. ఇక పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ని పలచన చేయకుండా సిరలోకి నేరుగా ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. దీనికి మినహాయింపు లేదు.

బ్రిటన్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం మందుల లెక్కల పరీక్షలో 100 శాతం వస్తేనే పాస్. 95 వచ్చినవాళ్లు తప్పినట్టే. కఠినంగా కనిపించినా మాకు ఇది సబబుగానే తోస్తుంది. సగం మార్కులకే పాస్ చేసే పద్ధతి ఫిజియాలజీకి ఫరవాలేదేమో గాని, మోతాదుకు పనికిరాదు.

రెండో సంగతి వైటల్స్, అంటే నాడి, శ్వాస, బీపీ లాంటి కొలతలు. వార్డులో విద్యార్థికి మొదట అప్పజెప్పే పని ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. అందులోనూ శ్వాస లెక్క. ఏ వార్డులోనైనా చార్టులు తిరగేస్తే వరుసగా 20, 20, 20 అని కనబడుతుంది. ముప్పై మంది రోగులు ఒకే వేగంతో ఊపిరి తీయరు. రోగి పరిస్థితి దిగజారుతున్నప్పుడు బీపీ పడిపోవడానికి చాలాముందే శ్వాస వేగం పెరుగుతుంది, కాబట్టి ఊహించి వేసిన 20 నిజంగానే ప్రమాదం. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం మరో జబ్బు. నిమిషానికి 22 సార్లు ఊపిరి తీసే మనిషిని 15 సెకన్లు చూస్తే ఐదే కనబడొచ్చు. ఐదు నాలుగులు 20 అని రాస్తారు. బ్రిటన్‌లో వాడే న్యూస్-2 (రోగి పరిస్థితి దిగజారుతోందేమో ముందే హెచ్చరించే) స్కోరు పట్టికలో 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 దాకా 2, 25 నుంచి 3. అంటే 2 పాయింట్లు రావలసిన రోగికి సున్నా పడిందన్నమాట. నిమిషం నిండా లెక్కపెట్టాలి. ‘ఊపిరి చూస్తున్నా’ అని చెబితే రోగి తెలియకుండానే శ్వాస మార్చేస్తాడు. నాడి చూశాక వేళ్లు మణికట్టు మీదే ఉంచి, చూపు ఛాతీ మీదికి మార్చి లెక్కపెట్టడం మంచి పద్ధతి.

బీపీకి కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కొలతే ప్రాణం. లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. రోగి ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో ఆనించి, నాడి ఆగిన చోటు నుంచి మరో 30 పైకి గాలి కొట్టి, సెకనుకు 2, 3 మి.మీ. చొప్పున వదలాలి. హడావుడిగా వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వస్తుంది.

మూత్రం కొలతా అంతే. డ్యూటీ చివర్లో బ్యాగు చూసి అంకె వేసేస్తే సరిపోదు. పెద్దవాళ్లకు కిలోకి గంటకు కనీసం 0.5 మి.లీ. రావాలి. 60 కిలోల మనిషికి 4 గంటల్లో 120 మి.లీ. రావలసింది 80 మాత్రమే ఉంటే ముందు ట్యూబు మడత పడిందేమో చూసి, లేకపోతే వెంటనే చెప్పాలి. రాసి ఊరుకుంటే ఆ అంకెకు అర్థం లేదు.

అంకెల బలహీనత, రోగికి చేయాల్సిన సేవలు రాసుకునే కేర్ ప్లాన్‌లో కూడా బయటపడుతుంది. నర్సింగ్ డయాగ్నోసిస్ అనే గడిలో ‘న్యుమోనియా’ అని రాసేస్తారు. అది డాక్టర్ నిర్ధారణ. నర్సు రాయాల్సింది, కఫం చిక్కబడి శ్వాసమార్గం శుభ్రపడటం లేదు, అందుకు ఆధారం ఇదిగో అని. ఆధారం అంటే వినిపించిన గురగుర, దగ్గలేకపోవడం, శ్వాస 26, రక్తంలో ఆక్సిజన్ 91 శాతం. లక్ష్యం గడిలో ‘రోగికి ఊపిరి బాగా ఆడుతుంది’ అంటే మార్కు పడదు, పడకూడదు కూడా. ‘డ్యూటీ ముగిసేలోపు శ్వాస 20కి దిగుతుంది, ఆక్సిజన్ పెట్టకుండా 94 శాతం నిలుస్తుంది’ అని రాస్తే, సాయంత్రం జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. కేర్ ప్లాన్‌లు సీనియర్ల రికార్డుల్లోంచి ఎత్తి రాస్తే పట్టుబడేది ఈ అంకెల దగ్గరే, ఎందుకంటే అవి ఆ రోజు ఆ మంచం మీద ఉన్న రోగివి కావు.

స్కిల్ ల్యాబ్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఆహారం కోసం ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం వేసేటప్పుడు పొడవు ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలుస్తారు. అది అందరికీ వస్తుంది. వేశాక సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం ఇంకా కొన్నిచోట్ల నేర్పుతున్నారు. గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం వినబడవచ్చు. లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకు తక్కువ ఉంటేనే ఆహారం మొదలుపెట్టాలి. ఎక్కువ వచ్చినా, ద్రవం రాకపోయినా ఎక్స్‌రే తీయించాల్సి రావచ్చు, అప్పటిదాకా చుక్క నీరు కూడా పోయకూడదు.

ఫార్మకాలజీని మందుల జాబితాగా చదవకుండా కుటుంబాలుగా చదివితే భారం తగ్గుతుంది. అటెనలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ ఒక ఇంటివే, బీటా బ్లాకర్లు. ఇచ్చే ముందు పల్స్, బీపీ చూడాలి, ఉబ్బసం ఉందేమో అడగాలి. గుండె మందు డిగాక్సిన్‌కి గుండె కొస దగ్గర నిమిషం నిండా లెక్కపెట్టి, పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ ఉంటే ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

ఐరోపా సమాఖ్య నిబంధనల్లో నర్సు శిక్షణకు కనీసం 4,600 గంటలు పెట్టి, అందులో కనీసం సగం రోగుల దగ్గర చేసే క్లినికల్స్‌కే కేటాయించారు. అంటే రోజూ సాయంత్రం తీరిగ్గా కూర్చుని చదివే వీలున్న కోర్సు కాదిది. నైట్ డ్యూటీ దిగాక కొత్త పాఠం బుర్రకెక్కదు. ఆ వారాల్లో పాత లెక్కలు తిప్పుకోవడం మేలు. ఇంకో సంగతి, హెపటైటిస్-బి టీకా మామూలు పద్ధతిలో 0, 1, 6 నెలలకు మూడు డోసులు. వార్డులో సూదులు పట్టే నాటికి రక్షణ ఉండాలంటే సీటు ఖాయమైన వెంటనే మొదటి డోసు వేయించుకోవాలి. చివరి డోసు తర్వాత నెల, రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించి, మి.లీ.కి 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో చూసుకోవాలి.

కళాశాలలకు మా సూచన ఇది. ఏడాదికోసారి పెట్టే లెక్కల పరీక్షను తీసేసి, ప్రతి పోస్టింగు మొదటి రోజున ఆ వార్డులో నిజంగా వాడే మందులతోనే పది లెక్కలు ఇవ్వండి. పదీ సరిగ్గా చేయనివాళ్లను వార్డుకు పంపండి గాని, మందుల ట్రాలీ దగ్గరికి మాత్రం మళ్లీ రాసి పాసయ్యాకే. మీ పత్రిక చదువుల పేజీలో నర్సింగ్ గురించి ఈసారి రాసేటప్పుడు సీట్ల వివరాల పక్కన అలాంటి లెక్కలు రెండు మూడు, జవాబులతో సహా వేయండి. చేరదలచుకున్నవాళ్లు తమకు ఏ మెట్టు దగ్గర తడబాటో ఇంటి దగ్గరే తెలుసుకుంటారు.

ఇట్లు,
కొందరు నర్సింగ్ అధ్యాపకులు