చివరి ఏడాది ప్రాజెక్టుల్లో కెర్నెల్ విద్యుత్ నిర్వహణకు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారములు.

గాలివానకు కొబ్బరిచెట్టు తీగల మీద పడితే కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేని కోనసీమలో, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందన్నది చిన్న విషయం కాదు. బ్యాటరీ త్వరగా అయిపోతుంటే మనవాళ్లు కొత్తది కొంటారు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటిదై యంత్ర భాగాలను నడిపించే కెర్నెల్‌లో ఆ యంత్రానికి తగిన విద్యుత్ నిర్వహణ ఉందా అని చూసేవారు అరుదు. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే ఈ లోటును మన ఇంజనీరింగ్ కళాశాలలు చివరి ఏడాది ప్రాజెక్టులుగా చేపట్టవచ్చని సూచించడానికే ఈ లేఖ.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం అనే విద్యుత్ నిర్వహణ పద్ధతిలో ఈ పని చాలావరకు బయోసే, అంటే యంత్రం ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామే చూసుకునేది. 1996 డిసెంబరులో, అంటే కోనసీమ మరచిపోలేని ఆ తుపాను వెళ్లిన మరుసటి నెలలో, ఆ రెండు సంస్థలు తోషిబాతో కలిసి ఏసీపీఐ అనే కొత్త విద్యుత్ నిర్వహణ ప్రమాణాన్ని వెలువరించాక పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. చాకిరీ కూడా దానిదే అయింది. తయారీదారు ఫర్మ్‌వేర్‌లో, అంటే యంత్రంలోనే పొందుపరచిన సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టిన విద్యుత్ నిర్వహణ పట్టికలను కెర్నెలే చదివి అమలు చేయాలి. వాటిని విండోస్‌తో పరీక్షించి ఊరుకునే తయారీదారుల పొరపాట్లు లినక్స్ వాడేవారి మెడకు చుట్టుకుంటున్నాయి.

ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కెర్నెల్ ముందుగా నడుస్తున్న ప్రోగ్రాములను ఎక్కడివక్కడ ఆపుతుంది. తర్వాత ఒక్కొక్క పరికరాన్ని నడిపే ప్రోగ్రామును, అంటే దాని డ్రైవరును పిలిచి, పిల్ల పరికరం పడుకున్నాకే అది ఆధారపడిన తల్లి పరికరం పడుకునేలా వరుస పాటిస్తూ, అన్నిటినీ సస్పెండ్ చేయిస్తుంది, అంటే నిద్రపుచ్చుతుంది. మధ్యలో వైఫై డ్రైవరొక్కటి తన వల్ల కాదని లోపం తిప్పి పంపితే చాలు, అప్పటిదాకా పడుకోబెట్టిన పరికరాలన్నిటినీ కెర్నెల్ తిరిగి లేపేస్తుంది. అది తెలియని విద్యార్థి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని రావులపాలెంలో బస్సెక్కితే, రాజమహేంద్రవరంలో తీసి చూసేసరికి యంత్రం వేడెక్కి, బ్యాటరీ అడుగంటి ఉంటుంది. మొండికేసిన పరికరం పేరును కెర్నెలే సిస్ ఫైల్ వ్యవస్థలో, అంటే తన సమాచారాన్ని ఫైళ్ల రూపంలో చూపే చోట నమోదు చేసి ఉంచుతుంది. ఏ అంచెలో ఆగిందో తెలుసుకోవడానికి పీఎం టెస్ట్ అనే సదుపాయమూ ఉంది. అంటే వెదికే ఓపిక ఉన్న విద్యార్థికి దారి మూసుకుపోలేదు.

ఎవరైనా మార్పులు పంపగల లినక్స్ కెర్నెల్‌లో దిద్దుబాటు ఒక్కోసారి చాలా చిన్నది. ప్రత్యేకంగా చూడవలసిన మోడళ్ల జాబితాలు కెర్నెల్‌లో ఉన్నాయి. అక్కడ ఒక మోడల్ వివరాలు చేర్చినంత మాత్రాన ఆ మోడల్ వాడే వారందరికీ మేలు జరిగిన సందర్భాలున్నాయి. ఛార్జింగ్ పరిమితి సంగతీ అంతే. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌లో లిథియం బ్యాటరీని, అందులోనూ మన ఎండల్లో, పూర్తి ఛార్జి మీదే ఉంచితే త్వరగా నీరసిస్తుంది. ఆ ల్యాప్‌టాప్ తయారీదారు యంత్రాలకు చెందిన డ్రైవరు కెర్నెల్‌లో ఛార్జింగ్ పరిమితి సదుపాయం కల్పిస్తే, ఒక ఫైలులో 80 అని రాసి ఛార్జింగును అక్కడే ఆపవచ్చు, తుపాను హెచ్చరిక వచ్చిన రోజున తిరిగి 100కు పెంచుకోవచ్చు. ఆ సదుపాయం లేని మోడళ్లకు దానిని రాయడం బీటెక్ విద్యార్థుల బృందానికి మించిన పనేమీ కాదు.

కాకినాడ జేఎన్‌టీయూ, దాని అనుబంధ కళాశాలలు ఇటువంటి పనిని ప్రాజెక్టుగా గుర్తించాలని నా మనవి. కెర్నెల్‌కు పంపిన ప్రతి మార్పునూ కెర్నెల్‌లో ఆ భాగాన్ని చూసుకునే నిర్వాహకులు బహిరంగంగా పరిశీలించి, తప్పులుంటే నిర్మొహమాటంగా తిప్పి పంపుతారు. బజారులో కొని తెచ్చే ప్రాజెక్టు నివేదికలకు ఆ గండం లేదు. అయితే మార్పు ఆమోదం పొందడానికి నెలలు పట్టవచ్చు కనుక, ఆమోదం ఒక్కదాన్నే కొలమానం చేస్తే విద్యార్థి నష్టపోతాడు. లోపాన్ని కనిపెట్టిన తీరుకు, నిర్వాహకులతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలకు, వారి సూచనల మేరకు చేసిన సవరణలకు విడిగా మార్కులు కేటాయించాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
అమలాపురం.