అమ్మడికి, బీరువా రంగు గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కాశీబుగ్గలో వానలు తగ్గాయి. పెరట్లో కొబ్బరికాయలు దింపించాం. దసరాకి వచ్చి వెళ్ళాక నీ దగ్గర్నుంచి ఫోన్ లేదు. పనుల్లో ఉండి ఉంటావులే.

తమ్ముడి ఫోన్‌లో ఫొటో చూశాను. పిల్లల బట్టల బీరువాకి నువ్వే రంగు వేస్తున్నావట, మంచిదే. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీ అమ్మ అంది. అల్లుడిగారి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని రాజాం అత్త ఎక్కడో విన్నదట. అత్త సంగతి నీకు తెలిసిందే.

రంగు విషయానికొస్తాను. ఆ బీరువా ఎం.డి.ఎఫ్.ది కదా. ఎం.డి.ఎఫ్. అంటే చెక్క నారని జిగురుతో కలిపి, వేడి మీద నొక్కి చేసిన అట్ట. పైన గట్టిగా, లోపల వదులుగా ఉంటుంది. అందుకే కోసిన అంచులు ఎంత రంగైనా తాగేస్తాయి. నీ ఫొటోలో తలుపు అంచు మచ్చలు మచ్చలుగా ఉంది. నేరుగా రంగు వేసేసినట్టున్నావు. ముందు అంచులకి లప్పం పల్చగా పట్టించు. ఆరాక 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, ఆయిల్ ప్రైమర్ రెండు కోట్లు వెయ్యి. నీళ్ళ ప్రైమర్ వద్దు, తడికి నార లేస్తుంది. పైన నున్నగా మెరిసే చోట కూడా మెరుపు పోయేదాకా రుద్దాలి, లేకపోతే రంగు పెచ్చులుగా ఊడుతుంది. ఇల్లు తుడిచినప్పుడు తడి తగిలేది కింద కాళ్ళకే, వాటిని వదిలెయ్యకు.

కంచిలి చిన్నాన్న టీవీ స్టాండు గుర్తుందా? 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు కిటికీ రెక్కలు ఊడిపోయి ఇంట్లోకి వాన కొట్టేసింది. బయట జీడితోట, కొబ్బరిచెట్లు నేలకూలి ఉంటే ఇంట్లో స్టాండు ఎవరు చూస్తారు? చూసేసరికి దాని కాళ్ళు నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. ఎండబెట్టి, చిత్రిక పట్టించి, పైన నల్ల రంగు వేయించాడు చిన్నాన్న. సంక్రాంతికల్లా పైపొర లేచి వచ్చేసింది. ఒకసారి ఉబ్బితే ఎంత ఎండినా ఆ అట్ట మళ్ళీ తన మందానికి రాదు. పక్కనే అదే నీళ్ళలో ఉన్న నాయనమ్మ పనస చెక్క పెట్టెని తుడిచి ఆరబెడితే సరిపోయింది. పిన్ని పట్టుచీరలు ఇప్పటికీ అందులోనే. అప్పుడు చిన్నాన్నకి డబ్బు పంపింది అల్లుడిగారే. మనకెవరికీ చెప్పలేదు. తన ఇబ్బంది అయినా అంతే, నోరు విప్పే మనిషి కాదు.

నువ్వు కూడా అలా తయారవుతున్నావేమో అని నా భయం. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే కన్నవాళ్ళకి చెప్పడంలో నామోషీ ఏముంది? అయినా ఉపన్యాసం ఇవ్వడానికి రాయలేదు.

రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకో, గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఎన్-95 ఉండాలి. ఆ అట్ట జిగురులో చాలావరకు ఊపిరికి మంచిది కాని యూరియా ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉంటుంది, పొడి కూడా మరీ సన్నం. చిన్నదానికి అసలే ఆయాసం. దాన్ని పక్కింటి వాళ్ళ దగ్గర వదిలి, బాల్కనీలో రుద్దు. రంగు వేశాక వాసన పోయేదాకా దాన్ని ఆ గదిలో పడుకోబెట్టకు. పైకి ఆరినట్టు కనిపించినా వారం దాకా బట్టలు సర్దకు.

అల్లుడిగారి ఉద్యోగం సంగతి నిజమేనా? నిజమైతే నాతో చెప్పు, మీ అమ్మకి మెల్లగా నేను చెబుతాను. నీ అకౌంటులో కొంత వేశాను, తిప్పి పంపకు.

టర్పెంటైన్ డబ్బా మూత గట్టిగా బిగించి, గ్యాస్ స్టవ్‌కి దూరంగా పెట్టు.

నాన్న