దాణా బస్తా మీద ఏ చెక్కో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాలుగు గేదెలు, ఒక ఆవు ఉన్నాయి. వేరుశనగ చెక్క (గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) ధర చూసి గుండె జారి, మొన్నీమధ్య టౌన్లో ఒక దుకాణంలో మిక్స్ చెక్క తక్కువకి వస్తుంటే ఒక బస్తా తెచ్చాను. బస్తా మీద ప్రొటీన్ 22 శాతం అని పెద్ద అక్షరాలతో ఉంది. దేంతో చేశారో మాత్రం ఏ మూలా లేదు. కుడితిలో కలిపి పెడితే గేదె మూతి పెట్టి వెంటనే తీసేసింది. నేను ఊరుకోకుండా బెల్లం కలిపాను. మా అమ్మ చూసి "ఏటిరా, అది వద్దంటుంటే బెల్లంతో మోసం చేస్తావా" అంది. వినలేదు. వారం తిరిగేసరికి పూటకి నాలుగు లీటర్లు ఇచ్చేది రెండున్నరకి దిగిపోయింది, పేడ పలచబడింది. పశువుల డాక్టరు గారు గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూసి, కానుగ చెక్క కలిసినట్టుంది, ముందు ఆపేయండి అన్నారు. ఆపేశాక పది రోజులకి పాలు మళ్ళీ ఎక్కాయి. దుకాణం వాళ్ళని అడిగితే పైనుంచి వచ్చింది అమ్మాం, మాకేం తెలుసు అన్నారు.

అలాగని ఈ చెక్కలు పనికిరావని నేను అనను. కానుగ చెక్కలో ప్రొటీన్ 30 శాతం అటూ ఇటూ ఉంటుంది, వేరుశనగ చెక్కలో 40 పైన. లెక్క చూస్తే బాగానే ఉంది. కానీ కానుగలో కరంజిన్ అనే చేదు పదార్థం ఉంది, అది ఎక్కువగా నూనెలోనే ఉంటుంది కాబట్టి మిషన్లో పిండిన చెక్కలో నూనె ఎంత మిగిలితే చేదు అంత మిగులుతుంది. ఇప్ప చెక్క సంగతి మన పెద్దవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, చెరువులో వేస్తే చేపలు తేలిపోతాయి, అందులోని సపోనిన్లు అనే పదార్థాలు చేసే పని అది. వేప చెక్కని నీళ్ళతో కడిగి గానీ యూరియాతో ఊరబెట్టి గానీ చేదు తగ్గించి పశువులకి పెట్టవచ్చని ఉత్తరప్రదేశ్ ఇజత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఎప్పుడో చేసి చూపించింది. (ఇది చదివి ఎవరూ ఇంట్లో యూరియా కలిపేయకండి, మోతాదు తప్పితే పశువు పడిపోతుంది.) ఆముదం చెక్కలో రిసిన్ అనే విషం ఉంది, బాగా వేడి చేస్తేనే అది పోతుంది, పచ్చిగా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. వేప చెక్క, ఆముదం చెక్క ఎరువు కింద అమ్ముతారు కదా, ఆ బస్తాలూ దాణా బస్తాలూ ఒకే గోడకి ఆనించి ఉండే దుకాణాలు మన జిల్లాలో ఎన్ని లేవు?

ఇంక ఆ 22 శాతం కథ. ల్యాబ్‌లో ప్రొటీన్‌ని నేరుగా కొలవరు. నత్రజని ఎంతుందో చూసి 6.25తో గుణిస్తారు. అంటే యూరియా కలిపినా అంకె పెరుగుతుంది, చేదు చెక్క కలిపినా పెరుగుతుంది. పశువుకి ఒంటబట్టేది ఎంతో ఆ అంకె చెప్పదు. నాకు ఈ సంగతి గేదె పాలు తగ్గాకే తెలిసింది.

వేరుశనగ చెక్క అయితే చాలు, కళ్ళు మూసుకుని పెట్టొచ్చు అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయింది దీనివల్లే. గేదె తింటే అది పాలల్లోకీ వస్తుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. వానాకాలం బస్తా నేల మీద పెట్టకండి.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, పక్కనే మంచి చెక్కలు ఉన్నాయి. అరకు వైపు వలిసె పూలతో ఫొటోలు దిగడానికి జనం ఎగబడతారు గానీ, వలిసె గింజ నూనె తీశాక మిగిలే నల్లటి చెక్కలో ప్రొటీన్ 30 శాతం పైనే ఉంటుందని, అందులో భయపడాల్సిన విషం ఏమీ లేదని ఎంతమంది పాడి రైతులకి తెలుసు? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి ఉంది. కొబ్బరి చెక్కలో ప్రొటీన్ 20 శాతం దగ్గరే, తొందరగా ముక్కిపోతుంది కూడా, అయినా తాజాగా దొరికితే గేదెలు ఇష్టంగా తింటాయి. నువ్వుల చెక్క మన తాతల కాలం నుంచీ పెడుతున్నదే. ఇవన్నీ బయటికి పోయి, మనకేమో పేరు లేని బస్తా వస్తోంది.

అధికారులని నేను అడిగేది పెద్ద పనేం కాదు. దాణా బస్తా మీద ఏ చెక్క, ఎంత శాతం అని తెలుగులో రాయించండి. ఎరువు చెక్క బస్తా మీద పశువులకి పెట్టరాదు అని ఎర్ర అక్షరాలతో వేయించండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మా ఊరికి ఎంతో దూరం లేదు. రైతు సేవా కేంద్రంలో శాంపిల్ ఇస్తే అక్కడ పరీక్ష చేయించి ఫోన్‌కి రిజల్ట్ పంపే ఏర్పాటు చేస్తే మాకు ఈ టెన్షన్ ఉండదు.

ఆ బస్తాలో సగం ఇంకా మా పాకలో మూతి కట్టి ఉంది. పారేయలేదు, గేదెలకి అందకుండా అటక మీద పెట్టాను. ఎవరైనా పరీక్ష చేస్తామంటే తెచ్చిస్తాను, ఆటో ఖర్చు నాదే.

ఒక పాడి రైతు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా