వెన్ను దెబ్బ తిన్నవారిని ఎత్తే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టుపై నుంచి పడ్డాడన్న వార్త చదివినప్పుడల్లా, మా కాలువ గట్టు వీధిలో ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్న ఒక మనిషి నాకు గుర్తుకొస్తాడు. పడిన రోజున నలుగురూ కాళ్లూ చేతులూ పట్టుకుని, నడుము వేలాడుతుండగానే ఆటో ఎక్కించారు. కొన్ని వారాల తర్వాత, అరికాలు తాకగానే మోకాలు ముడుచుకోవడం చూసి ఇల్లాలు నరాలు వచ్చేశాయని సంబరపడింది. ఇరుగుపొరుగు కొందరు నటిస్తున్నాడని అనుమానించారు. ఆ మాట ఆ కుటుంబాన్ని ఎంత నొప్పించిందో నేను చూశాను.

వెన్నెముక ఎముకల గొలుసు. దాని లోపల చిటికెన వేలంత లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున, మెదడు అడుగు నుంచి నడుము పైభాగం దాకా దిగే మెత్తని నాడీ కణజాలమే వెన్నుపాము. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. ప్రతి నాడీ వెన్నుపామును ముందొకటి, వెనుకొకటిగా రెండు పాయలతో కలుస్తుంది; వీటినే వేర్లు అంటారు. స్పర్శ, నొప్పి సంకేతాలు వెనుక వేరు గుండా లోపలికి చేరితే, కండరానికి ఆజ్ఞ ముందు వేరు గుండా వెలువడుతుంది. వేడి పెనం తగిలిన చేయి మంట తెలియకముందే వెనక్కి రావడానికి, మెదడు దాకా వెళ్లకుండా వెన్నుపాములోనే మళ్లే ఈ దగ్గరి దారే కారణం. పైభాగం దెబ్బతిన్నా కింద ఈ దారి మిగిలి ఉంటే, మెదడు ప్రమేయం లేకుండానే కాలు కదులుతుంది. ఆ కదలిక ఒక్కటే కోలుకున్నదానికి గుర్తు కాదు, నటన అంతకన్నా కాదు.

పడినవారిని కూర్చోబెట్టకుండా, మెడా నడుమూ వంచకుండా 108 వచ్చేదాకా ఎలా ఉంచాలో దింపు కార్మికులకూ రైతులకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది చేసి చూపించాలని అధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, అమలాపురం