ఏలూరు అక్క చున్నీ ఇంకా మా ఇంట్లోనే ఉంది

అందరికీ వందనాలు. టర్కీ నుంచి తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. అమ్మ చెయ్యి ఎలా ఉందని రోజూ ఫోన్లు వస్తున్నాయి. నొప్పి తగ్గింది, కట్టు ఇంకా ఉంది. థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇలా రాస్తున్నాను.

బైబిల్లో ప్రకటన గ్రంథంలోని ఏడు క్రైస్తవ సంఘాల ఊళ్లు చూడాలని అమ్మకు ఎన్నాళ్లనుంచో కోరిక. గుంటూరు, బాపట్ల, ఏలూరు నుంచి 31 మందిమి కలిసి వెళ్లాం. గ్రంథంలో ఉన్న వరుసలోనే చూద్దామన్నారు మా పాస్టరు అయ్యగారు. అంటే మొదట ఎఫెసు. అమ్మ అక్కడే పడింది.

పై గేటు నుంచి సెల్సస్ గ్రంథాలయం దాకా పాలరాతి వీధి పల్లంగా దిగుతుంది. ఎన్ని లక్షల పాదాలు అరగదీశాయో, రాళ్లు నున్నగా అద్దంలా ఉన్నాయి. గ్రంథాలయం స్తంభాలకేసి తలెత్తి చూస్తూ నడిచిన అమ్మ జారి, కుడి చేతిమీద పడింది. మణికట్టు అప్పటికప్పుడే వాచిపోయింది.

అందరం మూగిపోయాం. ఏలూరు అక్క మాత్రం "జరగండి, గాలాడనివ్వండి" అని మమ్మల్ని తోసేసి, గైడు చేతిలోని మ్యాపు లాక్కుని నాలుగు మడతలు పెట్టి మణికట్టు కింద ఆనించింది. తన చున్నీ తీసి చేతిని మెడకు వేలాడగట్టింది. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేశారని అప్పుడే తెలిసింది. నాకైతే కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడ పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అమ్మను కూర్చోబెట్టి కింది గేటు దాకా మోశారు. పౌలు బోధ మీద కోపంతో అర్తెమిదేవి పేరు చెప్పి జనం రెండు గంటలు కేకలేశారని బైబిల్లో ఉన్న రంగస్థలం దారిలోనే ఉంది. పాతిక వేలమంది పట్టేంత పెద్దది. దాని ముందునుంచి ఊరేగానని అమ్మ ఇప్పుడు చెప్పుకుని నవ్వుతోంది. ఆ కుర్రాళ్ల పేర్లు కూడా అడగలేదు నేను.

మా గైడు ముస్లిం అమ్మాయి, నాకంటే చిన్నది. అంబులెన్సు కోసం 112కి ఫోన్ చేసింది, పక్కనున్న సెల్చుక్ ఊరి ఆసుపత్రికి వెంట వచ్చింది, ఎక్స్‌రే గది బయట నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అక్కడ అందరూ అమ్మను "తేయ్‌జె" అంటుంటే, "ఎవరే ఈ తేజ? నన్నెవరనుకుంటున్నారు?" అని అమ్మ టెన్షన్ పడింది. వాళ్ల భాషలో పిన్ని, పెద్దమ్మ అని అర్థమట. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ "గెచ్‌మిష్ ఓల్సున్" అన్నారు. రోగం గతించిపోవాలని అలా దీవిస్తారట.

ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఎందుకులెండి. ముందు మీరే కట్టుకోండి, తర్వాత చూద్దాం అన్నారు. అయ్యగారు టోపీ తిప్పారు, ఐదు నిమిషాల్లో డబ్బు జమయింది. ఆ సాయంత్రం యేసు శిష్యుడు యోహాను సమాధి ఉన్న బసిలికా, అంటే పాత పెద్ద చర్చి, చూడాల్సింది. మాకోసం అందరూ బస్సులోనే మూడు గంటలు ఉండిపోయారు. ఒకరిద్దరి ముఖాలు మాడాయి, తప్పేముంది, జీవితంలో ఒక్కసారి వచ్చే ప్రయాణం. మర్నాడు అమ్మకు టిఫిన్ ప్లేటు తెచ్చిచ్చింది వాళ్లే.

హోటల్లో ఉండిపోదామన్నాను. "ఇంకా ఆరు సంఘాలున్నాయి" అంది అమ్మ. పెర్గములో కొండ ఎక్కకుండా డ్రైవరన్నతో కింద టీ తాగుతూ కూర్చుంది. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు, గంటన్నర ఏం మాట్లాడుకున్నారో! తుయతైరలో ఊరి మధ్యన కంచె వేసిన కాసిని రాళ్లే మిగిలాయి. బైబిల్లో ఊదారంగు బట్టలమ్మిన లూదియ ఊరు ఇంతేనా అని నిరుత్సాహపడింది.

లవొదికయలో మాత్రం కదల్లేదు. ఎదురుగా హియెరాపొలి వేడి ఊటల తెల్లటి కొండ కనిపిస్తోంది. ఇక్కడికి నీళ్లొచ్చిన మట్టి గొట్టాలు లోపలంతా సున్నం పేరుకుని సగానికి పైగా మూసుకుపోయాయి. ఈ సంఘం గురించి గ్రంథంలో ఉన్న "నులివెచ్చనగా ఉన్నావు" అన్న మాట బాపట్ల తమ్ముడు చదువుతుంటే, అమ్మ ఎడమ చేత్తో గొట్టం తడిమి, "అచ్చం మన బోరు పైపేనే" అంది.

అయ్యగారికీ అమ్మగారికీ, గైడు అమ్మాయికీ, డ్రైవరన్నకూ, పేరుపేరునా మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.

ఏలూరు అక్కా, మీరు వేసిన డబ్బు చెబితే పంపుతానంటే ఫోన్ పెట్టేశారు. సరే. చున్నీ ఉతికి ఇస్త్రీ చేయించి ఉంచాం. కట్టు విప్పగానే అమ్మే తెచ్చిస్తానంటోంది. ఆ రోజు భోజనం మీ ఇంట్లోనే, చేపల పులుసు కావాలట.