హమీదుల్లా గురించి ఒక పేజీ వేయండి

సంపాదకులకు,

ఉస్మానియాలో చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి మీరు అప్పుడప్పుడు రాస్తుంటారు, బాగుంటాయి, కానీ ఆ వరసలో ఇస్లాం పండితుడు ముహమ్మద్ హమీదుల్లా పేరు నాకింతవరకు కనపడలేదు. 1908లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేట్, పారిస్‌లో సోర్బాన్ నుంచి ఇంకోటి తెచ్చుకుని, మళ్లీ వచ్చి ఉస్మానియా పిల్లలకే అంతర్జాతీయ న్యాయం పాఠాలు చెప్పారు.

1948లో భద్రతామండలికి నిజాం పంపిన బృందంలో ఈయన కూడా ఉన్నారు. ఇక్కడ పోలీస్ చర్య అయిపోయింది, ఆయన అటే పారిస్‌లో ఆగిపోయారు, ఏ దేశ పౌరసత్వమూ లేకుండా దశాబ్దాలు అక్కడే గడిపారు. ఆ రాజకీయం నాకూ నచ్చదు. అయినా ఆయన్ని పక్కన పెట్టడానికి అదే కారణమైతే నష్టం మనదే.

ఎందుకంటే పని అలాంటిది. ముహమ్మద్ ప్రవక్త పోయిన రెండొందల ఏళ్లకు గానీ హదీసులు, అంటే ఆయన మాటలూ చేతలూ చెప్పే కథనాలు, రాతలోకి ఎక్కలేదని, అంతవరకు నడిచిందంతా నోటి మాటేనని యూరప్ పండితులు కొందరు గట్టిగా అనేవారు. ఈయన మాటకు మాట అనకుండా లైబ్రరీల వెంట పడ్డారు. ప్రవక్త సహచరుడు అబూ హురైరా చెప్పగా శిష్యుడు హమ్మామ్ రాసుకున్నాడనే చిన్న పుస్తకం, మొత్తం 138 హదీసులు, దాని ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి పట్టుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి, తర్వాతి కాలపు పెద్ద సంకలనాలతో పోల్చి, 1953లో అచ్చు వేయించారు. మాటలు చాలావరకు కలిశాయి. దొరికినవి తర్వాత ఎత్తి రాసిన ప్రతులే కాబట్టి వాదన అక్కడితో తెగిపోలేదనుకోండి, కానీ ఈ విషయం ఎవరు మాట్లాడినా ఇప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకోవాల్సిందే.

1959లో ఫ్రెంచిలో ఖురాన్ అనువాదం వేశారు. 1980లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో 12 ఉపన్యాసాలు ఇచ్చారు, అవి కూడా మన హైదరాబాదీలు ఇష్టపడే ఉర్దూలోనే. 2002లో అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు.

ఆదివారం సంచికలో ఒక్క పేజీ ఇవ్వండి. ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చిన అధ్యాపకులు మన ఊళ్లోనే ఉన్నారు, వాళ్లతో రాయించండి. భక్తి పొగడ్తలు, పాత రాజకీయాల తిట్లు రెండూ వద్దు, ఏ ప్రతి ఎలా దొరికింది, దాన్ని ఎలా సరిచూశారు అన్నది వివరంగా రాస్తే చాలు.

— ఓ పాఠకుడు, హైదరాబాద్